గాలికిచ్చిన రుమాలు

మోకు పోయింది. పోవడమంటే ఊరికే జారిపోవడం కాదు. మెడ విరిగిన పాములాగా మెలికలు తిరుగుతూ, ఒకసారి తాటి బోదెను తాకి, ఒకసారి గాలిని కొట్టి, ధబ్బుమని చెట్టు మొదట్లో పడి, పడ్డాక కూడా ఒకసారి కదిలి, అప్పుడు ఊరుకుంది. అది ఊరుకున్నాక సిద్దిరాములు గుండె అందుకుంది. ఇంతసేపూ నడుమునూ చెట్టునూ కలిపి చుట్టి, మనిషినీ మానునూ ఆలుమగల్లాగా కట్టి ఉంచిన తోలు మోకు అది. అదిప్పుడు అక్కడ, తానిక్కడ. ఆ దిక్కున తాటిచెట్టునూ తాడే అంటారు, కట్టుకునేదాన్నీ తాడే అంటారు. తాడు మీద ఉన్నాడు, తాడు లేదు. ఇంకో పొద్దయితే ఈ మాటను కల్లు దుకాణం ముందర నలుగురిలో విసిరి, నాలుగు ముంతలకు సరిపడా నవ్వు గీసేవాడు. ఇప్పుడు ఆ నవ్వు పెదవి దాకా వచ్చింది, కిందికి తొంగి చూసింది, వచ్చిన దారినే వెనక్కి పోయింది. తాటి కొప్పులో మట్టల సందున ఒక తొడ ఇటు, ఒక తొడ అటు వేసి కూచున్నాడు. మట్ట అంచుకున్న రంపపు పళ్ళు పంచెలోంచి తొడను కొరుకుతున్నాయి, కొరకనీ, కొరికేది ఏదైనా పట్టుకున్నట్టే. మోకు తెగిన క్షణంలో కుడిచెయ్యి తనంతట తానే పోయి ఒక మట్టను పట్టుకుంది, ఒంటి బరువంతా ఆ ఒక్క చేతి మీద వేలాడింది, భుజంలో ఏదో కటుక్కుమంది. ఎట్లా పైకి పాకాడో తెలియదు. పాకేటప్పుడు పాదాలను కలిపి పట్టి ఉంచే గుజి తాడు కూడా జారిపోయింది. ఇప్పుడు ఆ కుడిచెయ్యి ఒంటికి తగిలించిన సంచిలాగా ఉంది. ఒంటిచేత్తో తాటిబోదెను కావిలించుకొని దిగినవాడు ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎక్కడా లేడు, దిగుదామనుకున్నవాళ్ళ సంగతి చెప్పడానికి వాళ్ళు లేరు. బడికి పోయినవాళ్ళు మట్టకు గుడి పెడితే మట్టి అవుతుందంటారు. సిద్దిరాములు ఏ గుడికీ పోకుండానే మట్టి అయ్యే దారిలో ఉన్నాడు.

కిందికి చూడొద్దు. చూడొద్దనుకుంటే కళ్ళు అటే పోతాయి, సంతలో తప్పిపోయిన మేకల్లాగా. అరికాళ్ళలో చీమలు పాకినట్టుంది, అరికాళ్ళ కింద ఏమీ లేదు కదా, ఆ ఏమీ లేనిదే పాకుతోంది. ఎందుకు తెగింది? ఎందుకంటే తోలు మెత్తబడాలని ఆముదం పూసి పొయ్యి పక్క గోడకు తగిలించాడు, ఆ వాసనకు ఎలుక వచ్చింది, కొరికింది. ఎలుక తప్పు లేదు, ఆముదంలో వేగిన తోలు దాని లెక్కలో పండుగ. తప్పు ఎక్కేముందు చూడకపోవడం. కల్లు గీసేవాళ్ళకు ఒక ఆచారం ఉంది. మొదట్లో, ఇంకా నేల కాలికి అందుతుండగానే, మోకు మీద బరువంతా వేసి వెనక్కి వాలాలి, తాళ్ళను కాచే దేవుడు కాటమయ్యను తలుచుకోవాలి, తెగేదుంటే అక్కడే తెగాలి. బామ్మర్ది రాజలింగు నిరుడు ఒకసారి జారి బతికినప్పటి నుంచి ప్రతి చెట్టు దగ్గరా ఇట్లా వాలుతాడు, లేస్తాడు, మళ్ళీ వాలుతాడు. దసరానాడు అందరి ముందర సిద్దిరాములే అన్నాడు, "మా లింగుగానికి మోకు కన్నా మొక్కు పొడుగు" అని. దుకాణం దుకాణమంతా విరగబడింది. రాజలింగు ముంత కింద పెట్టి లేచిపోయాడు, ఆనాటి నుంచి మాటల్లేవు. అయితే ఆ మాట అన్నవాడికి ఒక చిక్కు వచ్చిపడింది. మరునాటి నుంచి తాను మోకు మీద వాలితే పక్క చెట్టు మీదివాళ్ళు "ఏం మామా, మొక్కుతున్నవా?" అని కేకలేశారు. దాంతో వాలడం మానేశాడు. మొదట సిగ్గుకు మానేశాడు, తర్వాత అలవాటుకు మానేశాడు, ఇవ్వాళ మానేసిన సంగతే మరిచిపోయి ఎక్కాడు. పడటం, పడటం. బుద్ధెరిగినప్పటి నుంచి పడుతూనే ఉన్నాడు, కష్టపడ్డాడు, ఆశపడ్డాడు, నాగిరెడ్డిపేట జాతరలో భూమక్కను చూసి ఇష్టపడ్డాడు, మాట్లాడబోయి సిగ్గుపడ్డాడు, ముడిపడ్డాడు, అత్తగారి మాటలు పడ్డాడు. అన్నిటికీ ముందర ఏదో ఒకటి అడ్డం ఉండేది. ఇక మిగిలింది ముందర ఏ మాటా లేని ఉత్త పడటం.

గాలి లేచింది. ప్రపంచమంతా లడాయి మొదలయ్యాక మూడో ఎండాకాలం అది, పగలంతా ఆకు కదలక చచ్చిన గాలి పొద్దు వాలేసరికి పడమటి నుంచి బతికి వస్తుంది. తాటి కొప్పు ఊగింది. కింద ఉన్నవాడికి ఆ ఊపు జానెడు కనబడుతుంది, పైనున్నవాడికి ఊరే అటు పోయి ఇటు వస్తుంది. పోచారం చెరువు నీళ్ళు దూరంగా తళుక్కుమని ఒరిగాయి, కామారెడ్డి బాట ఒరిగింది, తిన్నది గొంతులోకి ఒరిగింది. సిద్దిరాములు ఎడమచేత్తో, పళ్ళతో, తలకు చుట్టిన పొడవాటి రుమాలు విప్పాడు. నడుముకు ఒక చుట్టు, మట్టల మొదళ్ళకు ఒక చుట్టు వేసి ముడి బిగించాడు. పాత నూలుబట్ట, భూమక్క ఉతికి ఉతికి పలచబడింది. అయినా ముడి బిగియగానే వీపు మట్టకు ఆనించాడు. ఇక్కడ ఉండొచ్చు. ఎవరైనా వస్తారు. ఎవరు వస్తారు? ఈ వనంలో ఈ పూట గీత తనదే, రాజలింగు వంతు కాలువ అవతలి తోపులో. ఇంటికి రాలేదని వెతికేది చీకటి పడ్డాక, చీకటి పడేలోపల ఈ గాలి దుమారమవుతుంది. ఈ రుమాలు దుమారానికి ఆగుతుందా? రుమాలు, దుమారం, వరస కలిసింది, ఛీ, ఊరుకో నాలుకా.

తూర్పు వైపు రెండు మెట్ట చెలకల అవతల కల్లం కనబడుతోంది. వడ్ల కుప్ప, చేటలెత్తిన ఆడవాళ్ళు, వాళ్ళలో పసుపు రైక భూమక్క. పొద్దంతా గాలి కోసం కూచున్నవాళ్ళు. ఇప్పుడు లేచి నిలబడ్డారు, చేటలు తలమీదికి ఎత్తారు, గాలిని పిలుస్తున్నారు. కమ్మల గలగల ఒక్క క్షణం ఆగిన సందులో ఆ పిలుపు సన్నగా చెవిన పడింది.

"రావే గాలవ్వా, రా! పొల్లు నీకు, గింజ మాకు!"

వద్దే, వద్దే, పిలవకే. పెండ్లాం అక్కడ రమ్మంటోంది, మొగుడు ఇక్కడ వద్దంటున్నాడు, గాలి ఎవరి మాట వినాలి? ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అదే విన్నది. కొప్పు మళ్ళీ ఊగింది. సిద్దిరాములు ఊపిరి గట్టిగా పీల్చి అరిచాడు.

"భూమీ! ఓ భూమీ! పడ్తున్ననే!"

కల్లంలో ఒకామె తలెత్తింది, చేతిని నుదుటికి అడ్డం పెట్టింది. ఆమె పక్కనున్నవాళ్ళతో ఏదో అన్నది, అందరూ నవ్వినట్టు ఊగారు. తర్వాత గాలి ఆగిన సందున ఆమె సమాధానం వచ్చింది. "పడు పడు! వడ్లు తూర్పార పట్టినంక తీరికగ ఏడుస్తం!"

అయిపోయింది. ఆ అరుపు ఖర్చయిపోయిన అరుపు. ప్రతి ఎండాకాలం చెట్టు మీది నుంచి "పడ్తున్ననే భూమీ" అని కేకేసి కింద నడిచేవాళ్ళను హడలగొట్టడం తన సరదా. భూమి మీద పడబోతున్నానని అటు నేలకూ ఇటు పెండ్లానికీ తగిలేటట్టు అనడం. మొదటిసారి భూమక్క బిందె పారేసి పరుగెత్తింది, రెండోసారి తిట్టింది, తర్వాత్తర్వాత తల కూడా ఎత్తలేదు. ఇంకో నాలుగుసార్లు అరిచాడు. భుజం నొప్పికి అరుపు సగంలోనే విరిగి మూలుగైంది. కింద ఎవరూ తల ఎత్తలేదు.

ఏదైనా పడేయాలి. ఏదైనా చూపించాలి. కొప్పులో కట్టిన లొట్టిని తెంపి వదిలాడు. కల్లు నిండిన కుండ గాలి ఉన్నట్టే ఎరగనట్టు సూటిగా దిగింది, చూస్తుండగానే చిన్నదైంది, చిన్నదవుతున్నకొద్దీ వడి పెరిగింది. ఠప్! తెల్లటి మరక. అంతసేపే, రెప్ప రెండుసార్లు కొట్టేంతసేపే. తల పగిలితే మరక తెల్లగా ఉండదు. ఆ ఆలోచనను వెనక్కి నెట్టి, ఎండిన కమ్మ ఒకటి విరిచి వదిలాడు. అది పడనే పడలేదు మొదట. పక్కకు పోయింది, తిరిగింది, వెల్లకిలా పడుకుంది, ఏదో గుర్తొచ్చినట్టు లేచింది, తాగినవాడు ఇల్లు వెతుక్కున్నట్టు వెతుక్కుంటూ అవతలి చెట్టు దాకా పోయి అక్కడ తట్టుకుంది. రెండూ ఒకే చేతి నుంచి పడ్డాయి. ఒకటి కాలి కింద, ఒకటి పక్క చెట్టు దగ్గర.

కళ్ళ ముందర అవ్వ, కన్నతల్లి, ముక్కాలిపీట మీద నిలబడి ఉంది. చిన్నప్పుడు, భిక్నూరు దిక్కున ఎవరిదో కల్లంలో, అవ్వ ఎంకవ్వ కూలికి తూర్పార పడుతోంది. చేట అంచు వంచితే వడ్లు ధారగా దిగుతున్నాయి. గింజ అవ్వ కాళ్ళ దగ్గరే కుప్పవుతోంది, పొల్లు మాత్రం ఎగిరి పోయి ఎక్కడో పడుతోంది. అవ్వా, రెండూ ఒక్క చేటలకెల్లే పడ్తున్నయి గద, రెండూ ఒక్కతాన ఎందుకు పడయి? అవ్వ కిందికి చూడకుండానే చెప్పింది, గాలి అందర్నీ ఆపుతది బిడ్డా, లోపల బరువున్నోడు దాన్ని తోసుకొని దిగుతడు, లోపల ఏం లేనోడు అది ఎటు తీస్కపోతే అటు పోతడు. ఊరంతా తనను పొల్లు మాటలవాడనే అంటారు. అందరినీ తూర్పార పట్టినవాడు. లోపల ఏమీ లేనివాడైతే బాగుండును ఇవ్వాళ, గాలి ఎత్తుకొనిపోయి ఏ గడ్డివాము మీదో దించును. కానీ పొల్లంతా మాటల్లోనే ఉంది, ఒళ్ళు మాత్రం పూర్తి గింజ. పొల్లు నీకు, గింజ మాకు. గింజ నేలది. చెమట కళ్ళలోకి దిగింది, తుడవాలంటే చెయ్యి వదలాలి, వదల్లేదు.

దూకొచ్చు కదా. ఎవరు అన్నారు ఆ మాట? కమ్మలా? దూకొచ్చు, గొడుగు ఉంటే. కామారెడ్డి టేషన్‌లో పెట్టెలు మోసే సీమోను చెప్పలేదా, తాను ఆబ్కారీ కచేరీ పని మీద పోయి రైలు కోసం కూచున్ననాడు, లడాయిలో సిపాయిలు ఆకాశం నుంచి పట్టుబట్ట గొడుగులు కట్టుకొని దిగుతున్నారని. సిద్దిరాములు నమ్మలేదు. సీమోను ఒక చిత్తు కాగితం తీసి చెయ్యెత్తి పరిచినట్టే వదిలాడు, అది పట్టాల మీదికి తేలుకుంటూ పోయింది. దాన్నే తెచ్చి ఉండ చేసి వదిలాడు, కాళ్ళ దగ్గర టప్పున పడింది. "గదే కాయితం సిద్దన్నా, బరువు మారలే. పరిస్తే గాలి పట్టుకుంటది, నలిపితే ఇడుస్తది. గొడుగు విచ్చుకున్నంక సిపాయి పడుతనే ఉంటడు గని వడి ఎక్కదు, పడుడు పెరుగది." పరిస్తే దొర, నలిపితే మనం, అని తాను అన్నాడు, సీమోను టేషన్ మాస్టరు వినేలా నవ్వి తిట్లు తిన్నాడు. పడుడు పెరుగదు. పంచె విప్పితే, నాలుగు కొంగులు ముడేస్తే, ఎడమచేత్తో పట్టుకుంటే. కింద నేల మెత్తగా కనబడటం మొదలైంది. ఇందాక ఎంతో దూరంగా ఉన్న నేల ఇప్పుడు రా రా అన్నట్టు దగ్గరికొస్తోంది, కాళ్ళు తమంతట తామే ముందుకు జరిగాయి. తాను జరపలేదు. అదే అన్నిటికంటే భయం, పడిపోతానన్న భయం కాదు, దూకుతానేమోనన్న భయం. మట్టను ఎడమచేత్తో కరుచుకున్నాడు. ఆగు, చూద్దాం, ముందు చూద్దాం. పంచె కొంగు పళ్ళతో చించి, ఆ పేలికను గీతకత్తి పిడికి కట్టి వదిలాడు. పేలిక విచ్చుకోవడానికి చూసింది పాపం, తోకలాగా ఒకసారి టపటప కొట్టుకుంది. కత్తి దాన్ని లెక్కే చేయలేదు, లాక్కొని పోయి నేలలో దిగబడింది. పేలిక కత్తికి ఎంతో, పంచె మనిషికి అంత. కాళ్ళను కూడదీసుకొని మట్ట చుట్టూ మెలేశాడు.

గుడ్డ ఒక్కటే అయితే? బరువు లేకుండా, ఒట్టి గుడ్డ?

ఆ ఆలోచన రాగానే ఇంకో ఆలోచన దాని మెడ పట్టుకుంది. వద్దు. రుమాలు కాదు. మగవాడు దిగకముందు రుమాలు దిగదు. ఏ గీతవాడింట్లోనైనా చిన్నపిల్లను అడిగినా చెప్తుంది. చెట్టు మీది నుంచి మనిషి పడితే, శవాన్ని కదిలించకముందు, ఒకరు పరుగున ఇంటికి రుమాలు తెస్తారు. నోటితో చెప్పరు. రుమాలు గడప మీద పెడతారు. బాపు చెట్టు మీది నుంచి పడ్డనాడు ఆయన రుమాలూ అట్లాగే వచ్చింది. తెచ్చిన మనిషి ముఖం గుర్తు లేదు, రుమాలు మీద అంటిన చీమ గుర్తుంది, ఎంత తేలికగా ఉందో గుర్తుంది, ఎత్తుకుంటే గాలి ఎత్తుకున్నట్టు ఉంది. అవ్వ చూసింది. అవ్వ దాన్ని లాక్కొని గడప మీదే కూలబడింది. అన్నిటి మీదా పరాచికాలాడిన సిద్దిరాములు నాలుక ఆ ఒక్కదాని జోలికి పోలేదు, చెట్టు మీది నుంచి వెయ్యి అబద్ధాలు విసిరాడు కానీ రుమాలు విసరలేదు. అందుకే అది అబద్ధమని ఎవరూ అనుకోరు. చూస్తే పరుగెత్తుకొని వస్తారు. వస్తారు, చచ్చాడని వస్తారు.

అయినా ఎట్లా విప్పుతాడు? పట్టి ఉంచిందే అది. పంచె ఇద్దామా? పంచె మిగిలిందే సగం, చిరిగింది, తడిసింది, ఎందుకు తడిసిందో అడగొద్దు. పేడలాగా కిందికే పోతుంది. పోవాల్సింది పలచటిది, పొడుగుది, అందరూ గుర్తుపట్టేది. గాలి నిదానంగా ఉన్నప్పుడు విప్పి వదిలితే? నిదానంగా ఉన్నప్పుడు అది ఈ వనంలోనే ఏదో చెట్టు మొదట్లో పడుకుంటుంది. కల్లం దాకా పోవాలంటే పెద్ద గాలి రావాలి, కొప్పు అన్నిటికంటే ఎక్కువ ఊగేటప్పుడు వదలాలి, అంటే తనను కట్టి ఉంచేది తనకు అన్నిటికంటే ఎక్కువ కావాల్సినప్పుడు. పడమట ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగింది. దుమారం. రెండు చెలకల అవతల ఆడవాళ్ళు చేటలు దించుతున్నారు, దుమ్ము కలుస్తుందని వడ్ల మీద గోనెలు కప్పబోతున్నారు. కాసేపయితే పోతారు. పోయాక చూసేవాళ్ళుండరు.

ఎడమచేతి వేళ్ళు ముడిని వెతికాయి. కొయ్యబారిన వేళ్ళు, సొంత వేళ్ళలాగా లేవు. కాటమయ్యా, ఎల్లమ్మా, భిక్నూరు సిద్దరామేశ్వరా. ఇదిగో మొక్కుతున్నాను, చూసి నవ్వేవాళ్ళెవరైనా ఉంటే నవ్వండి, పైకి వచ్చి నవ్వండి. ముడి వదులైంది. ఒక చుట్టు. నడుము దగ్గర ఒళ్ళు చల్లబడింది. రెండో చుట్టు. ఉండ చేయొద్దు, ఉండ చేస్తే లొట్టిలాగా కాళ్ళ కిందికే, పరవాలి, పరవాలంటే చెయ్యి చాపాలి, చాపితే పట్టు లేదు. రెండు కాళ్ళు మట్టకు మెలేసి, గడ్డం ఇంకో మట్ట మీద ఆనించి, పళ్ళతో కమ్మ ఈనెను కొరికి పట్టుకొని, ఎడమచేత్తో రుమాలు ఒక కొస ఎత్తిపట్టాడు. గాలి వచ్చింది. ఇంకా కాదు. కొప్పు తూర్పుకు ఒరిగింది, ఒరిగింది, ఇక లేవదేమో అన్నంత ఒరిగింది, రుమాలు చేతిలో విరుచుకొని చెంపలు వాయగొట్టింది. ఇంకా కాదు, ఇంకా కాదు, ఇప్పుడు. వేళ్ళు వదల్లేదు. మనసు వదిలింది, వేళ్ళు వదల్లేదు. వదలండే, అని పళ్ళ సందునుంచి సొంత వేళ్ళను బతిమాలాడు. వదిలాయి.

పోయింది. పడలేదు, పోయింది. పొడుగునా పరుచుకొని, పాయలుగా ఊగుతూ, నింపాదిగా దిగుతూ, దిగడం కన్నా ఎక్కువగా ముందుకు పోతూ. మనిషి లేని రుమాలు మనిషి కంటే ఎంత బాగా దిగుతోంది! పక్క తాటి కొప్పుకు చిక్కింది. అయిపోయింది. చిక్కి, రెండుసార్లు కొట్టుకొని, జారింది. ఒర్రె వాగు దాటింది. చెలక మీద కిందికి దిగి, దిగి, నేలను తాకబోయి, ఇంకో గాలికి లేచి, గోనెలు కప్పుతున్న ఆడవాళ్ళ మధ్యకు పోయి వడ్ల కుప్ప మీద వాలింది. ఇక్కడ కొప్పు వెనక్కి విసిరింది, సిద్దిరాములు కడుపు మట్టకు కొట్టుకుంది, నోట్లో ఈనె పుటుక్కున విరిగింది. కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కల్లంలో ఎవరూ కదలడం లేదు. పసుపు రైక ఒక్కటి నడిచి కుప్ప దగ్గరికి పోయింది, వంగింది, రెండు చేతులతో ఎత్తింది. అప్పుడు కేక వచ్చింది. ఎదురుగాలిలో కూడా వచ్చింది. అది అరుపు కాదు, పిలుపు కాదు, అది ఎవరికీ సమాధానం కాదు. ఆ ఎత్తు నుంచి ఆమె నేల మీద కూలబడటం చూశాడు, చేతులు ఎత్తి నేలకేసి కొట్టడం చూశాడు. బతికే ఉన్ననే, అన్నాడు. అంత దూరం వినబడేంత గట్టిగా అనలేకపోయాడు. తన చావును ఇంత పై నుంచి చూసినవాడు ఇంకెవడైనా ఉన్నాడా?

తర్వాత మనుషులు పరుగెత్తుకొని వచ్చారు. వచ్చి చెట్టు మొదట్లో శవాన్ని వెతికారు. మోకు దొరికింది, పగిలిన లొట్టి దొరికింది, నేలలో దిగిన కత్తి దొరికింది, మనిషి దొరకలేదు. ఒక ముసలామె అప్పుడే శోకం ఎత్తుకుంది, ఎంత నవ్వించినోడివి సిద్దన్నా, ఎవలను నవ్వియ్య పోయినవు సిద్దన్నా అని. పైనుంచి "నేన్ గీన్నే ఉన్న" అని చచ్చిన గొంతు దిగేసరికి ఆమె శోకం మధ్యలోనే మింగి, "థూ నీ నోట్ల మన్నువడ!" అంది. ఎవరో నవ్వారు, ఎవరో ఏడ్చారు, ఎవరో అవతలి తోపుకు పరుగు తీశారు.

రాజలింగు వచ్చాడు. భుజాన మోకు, ఇంకో భుజాన ఎవరి బావిదో మోట తాడు. పైకి చూడలేదు. మోకు చెట్టుకు చుట్టాడు, నడుముకు తగిలించాడు, వెనక్కి వాలాడు. నిలబడ్డాడు. మళ్ళీ వాలాడు. "అరే ఎక్కరా, పోయేటట్టున్నడు!" అని కింద అందరూ అరుస్తున్నారు, పైన దుమారం మట్టలను పీకుతోంది, సిద్దిరాములు మాత్రం వాలు లింగూ, ఇంకోసారి వాలు, తొందరపడకు, అని పళ్ళు కటకటలాడుతుండగా లోలోపల అంటున్నాడు. రాజలింగు మూడోసారి వాలాడు. అప్పుడు ఎక్కాడు. ఆ ముఖం కమ్మల కింద కనబడేసరికి ఎన్నాళ్ళయిందో అనిపించింది. రాజలింగు మోట తాడును సిద్దిరాములు చంకల కింద, తొడల కింద చుట్టి ముడేశాడు. రెండో కొసను బోదెకు రెండు చుట్లు తిప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇగ చెయ్యి ఇడువు."

సిద్దిరాములు వదల్లేదు.

"బావా, ఇడువు. నేను పట్టిన."

"లింగూ, భయమైతుందిర."

"నాకు కాదా?" రాజలింగు తాడును పిడికిట్లో ఇంకింత బిగించాడు. "నీ నోట్లకెల్లి ఏదన్న ఒకటి అను బావా. నన్నే అను. నువ్వు గిట్ల సప్పుడు చెయ్యకపోతే నా చేతులు ఆగుతలేవు."

సిద్దిరాములు వెతికాడు. లింగు, జంగు, మోకు, మొక్కు, తాడు, తాళి, అన్నీ ఉన్నాయి, ఏవీ నోటికి రాలేదు. "ఏం యాదికొస్తలేదు లింగూ" అన్నాడు. అన్నాక ఎందుకో చెయ్యి వదిలింది.

దిగాడు. మొదటి జానెడు ఉత్త పడటమే, ప్రాణం పైనే ఉండిపోయింది, తర్వాత తాడు బిగిసి పట్టుకుంది. తర్వాత మెల్లగా, మెల్లగా, తాడు బోదె మీద కిర్రుకిర్రుమంటుంటే. పడుతూనే ఉన్నాడు, కానీ పడుడు పెరగడం లేదు. తూర్పుకు తిరిగాడు, పడమటికి తిరిగాడు, గాలి ఊపింది, బోదె వీపును గీరింది. కళ్ళు మూసుకున్నా, తెరిచినా ఒకటే. మధ్యలో తాడు ఒకసారి జారింది, మూరెడు. కింద అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు. అంతే. మళ్ళీ కిర్రుకిర్రు. ఎవరిదో చెయ్యి కాలిని తాకింది, ఇంకెవరిదో నడుమును. నేల వచ్చింది. నేల గట్టిగా ఉంది, వేడిగా ఉంది, అసలు కదలడం లేదు. దాని మీద కూచుండిపోయాడు.

ఎవరో నీళ్ళు పోశారు. ఎవరో "ఏంరా సిద్దిగా, పైన చల్లగున్నదా?" అన్నారు. నవ్వడానికి నోరు తెరిచాడు. అప్పుడు గుంపు పక్కకు జరిగింది, భూమక్క కనబడింది. దగ్గరికి రాలేదు. చెలక గట్టు మీద కూచొని ఉంది, జుట్టు నిండా పొల్లు, ఒళ్ళో రుమాలు. రెండు చేతులూ ఒట్టివి. మణికట్ల మీద అక్కడక్కడా సన్నగా నెత్తురు చార, అందులో ఆకుపచ్చటి గాజు ముక్క ఒకటి ఇంకా ఇరుక్కొని మెరుస్తోంది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమె వైపు చూడటం లేదు, ఎటు చూడాలో తెలియక ఒకరినొకరు చూసుకుంటున్నారు. మొగుడు బతికుండగా గాజులు పగలగొట్టుకున్న ఆడదానితో ఏం మాట్లాడాలో వాళ్ళకు ఎవరూ నేర్పలేదు.

సిద్దిరాములు లేవలేక, కూచున్నవాడు కూచున్నట్టే జరుగుతూ గట్టు దాకా పోయాడు. "భూమీ" అన్నాడు. ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు తన మీద లేవు, తన వెనక, చాలా కింద, ఎక్కడో ఉన్న దేన్నో చూస్తున్నాయి. ఇందాక చెట్టు మీది నుంచి తాను కిందికి చూసిన చూపే అది.

"దిగిననే. సూడు, దిగిన."

"నువ్వు దిగినవు," అంది భూమక్క. ఆమె వేళ్ళు గట్టు మీది గడ్డిని దుబ్బులు దుబ్బులుగా పట్టుకొని ఉన్నాయి. "నా కాళ్ళకింకా నేల అందుతలేదు."